ఆరువందల హెడ్‌సెట్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ హెడ్‌సెట్ గారి దివ్యసముఖమునకు,

ఆరువందలకు దొరికారని తమరిని చులకన చేస్తామనుకోకండి. తమరి డబ్బా చదివితే లేచి నిలబడి దండం పెట్టాలనిపిస్తుంది. "20 నుంచి 20,000 హెర్ట్జ్" అట, అంటే అడుగు మోత నుంచి సన్నని కీచు దాకా అన్నీ పలుకుతారట! పాతికవేల హెడ్‌ఫోన్ డబ్బా మీదా అదే అంకె. ఆ మధ్యలో ఎక్కడ శబ్దం ఎన్ని డెసిబెల్స్ (మోతను కొలిచే లెక్క) పడిపోతుందో రాయనంతకాలం ఎవరైనా వేసుకోవచ్చు. "7.1 సరౌండ్", అంటే చుట్టూ ఎనిమిది స్పీకర్లు మోగినట్టట, మరీ ముచ్చట. ఉన్నవి చెవికొకటి చొప్పున రెండే స్పీకర్లు, మిగతా ఆరూ సాఫ్ట్‌వేర్‌లో కాపురం. ఇక "నాయిస్ క్యాన్సిలింగ్" మైకుకే తప్ప చెవికి కాదని తమరు పొరపాటున కూడా చెప్పరు. మిక్సీ మోగితే అవతలివాళ్లకు కాస్త తగ్గుతుందేమో గానీ, తమరిని తగిలించుకున్నవాడికి పచ్చడి మొత్తం వినబడుతుంది.

మైకు దగ్గర మాత్రం తమరు లక్ష రూపాయల లాప్‌టాప్ పరువు తీస్తారు. అది తమరి గొప్పతనం కాదు లెండి, దూరం మహిమ. దూరం సగమైన ప్రతిసారీ గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. లాప్‌టాప్ మైకు నోటికి 48 సెంటీమీటర్లలో, తమరు 3 సెంటీమీటర్లలో ఉంటే 24 డెసిబెల్స్ లాభం. ఫ్యాను హోరు ఎప్పటంతే ఉంటుంది. కానీ తమరి మైకు కాడను సరిగ్గా నోటికి ఎదురుగా పెడితే ప, ఫ, భ పలికినప్పుడల్లా ఢబ్ ఢబ్. పెదవుల మూలకు, రెండు వేళ్ల దూరంలో, కాస్త కిందికి ఉండాలి. వినబడట్లేదని విండోస్‌లో మైక్ బూస్ట్ +30కి తోసేవాళ్లున్నారు. గొంతుతోపాటు బుస కూడా అంతే పెరుగుతుంది. +10 చాలు.

తమరి రెండు పిన్నుల దర్జా ఇంకోటి. పచ్చది చెవికి, గులాబీది మైకుకు. ఇప్పటి లాప్‌టాప్‌కేమో ఉన్నది ఒక్కటే రంధ్రం. పచ్చది గుచ్చితే పాట వస్తుంది, మన మాట పోదు. రెంటినీ కలిపే స్ప్లిట్టర్ విడిగా కొనుక్కోవాలి, దాని పిన్ను మీద నల్లగీతలు మూడుండాలి. రెండే ఉంటే అది ఇద్దరు కలిసి పాటలు వినే రకం, మైకుకు పనికిరాదు. యూఎస్‌బీ రకానికి ఈ తంటా లేదు, సౌండ్ కార్డు అందులోనే ఉంటుంది.

తమరి ప్రాణం వైరు పిన్నులోకి దూరే చోట ఉంది. అక్కడే మడతపడి, అక్కడే తెగుతుంది. ముందు గ్రౌండ్ తీగ (రెండు చెవులకూ ఉమ్మడిది) పోతే భలే వినోదం: ఎడమ కుడి తేడా మాత్రమే చెవికి చేరుతుంది కాబట్టి వాయిద్యాలు మోగుతుంటాయి, రెండు వైపులా సమానంగా ఉండే గాయకుడు మాయం! టంకం వేద్దామంటే లోపలి తీగలు వెంట్రుకంత సన్నం, పైగా వాటికి రంగుపూత. అది కాల్చో గీకో తీయందే టంకం అంటదు.

చెవులకు ఆనే దిండ్ల సంగతి చివరికి ఉంచాం. తోలులా మెరిసే ఆ పీయూ (ప్లాస్టిక్ తోలు) పొర కాకినాడ, విశాఖ ఉక్కపోతకు, చెమటకు పెచ్చులూడుతుంది. అడ్డంగా ఎన్ని మిల్లీమీటర్లుందో స్కేలుతో కొలిచి గుడ్డవి తెప్పించి తొడగడమే.

ఇట్లు,
చెవుల మీది నల్లపొట్టు దులుపుకుంటూ,
తమ విధేయులు