మొదటి బొమ్మకి ఆరు సూత్రాలట!

ఒకటే మెసేజీ. అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, ఆఫీసు గ్రూపులో వచ్చింది, చివరికి గాజువాక నుంచి మా పిన్ని కూడా పంపింది. "మీ చిన్నారికి మొదటి బొమ్మ కొంటున్నారా? నిపుణులు చెప్పిన ఆరు సూత్రాలు" అని దాని పేరు. ఆ నిపుణులు ఎవరో, ఎక్కడ పనిచేస్తారో ఒక్క ముక్క లేదు. "చాలా ఉపయోగకరం" అంటూ అందరూ దాన్ని ఏరికోరి ఏడాది, ఏడాదిన్నర పిల్లలున్న ఇళ్లకే పంపుతున్నారు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

మొదటి సూత్రం: కళ్లు మూసి తెరిచే, పొడుగు జుట్టున్న బొమ్మే కొనాలి, మనిషిలా ఉంటేనే తెలివి పెరుగుతుంది. ఏడాది పిల్ల చేతికి ఏది దొరికినా ముందు నోట్లోకే పోతుంది. జుట్టు చప్పరిస్తుంది, పీకుతుంది, ఊడిన పోగు వేలికి చుట్టుకుంటుంది. అలా బిగుసుకున్న పోగు పైకి కనబడదు, వేలు వాచి పిల్ల గుక్కపెట్టాకే తెలుస్తుంది. ఆ వయసు పిల్లకి గుడ్డ మీద దారంతో కుట్టిన రెండు కళ్లూ ఒక నోరూ చాలు, అది ముఖమని తెలిసిపోతుంది.

రెండోది చదివాక మాత్రం నాకు ఒళ్లు మండింది. "బొమ్మకి నగలు, చెప్పులు, గుండీలు ఎంత చిన్నవి ఉంటే పిల్లల వేళ్లకి అంత నేర్పు వస్తుంది. ఐఎస్ఐ గుర్తు కోసం వెతకొద్దు, అది ధర పెంచడానికే." ఇది రాసినవాళ్లు పాకే పిల్లని ఒక్క పూటైనా కనిపెట్టుకుని ఉన్నారా?

మూడేళ్లలోపు పిల్లలు ఆడే బొమ్మలకి పరీక్షశాలల్లో ఒక చిన్న గొట్టం వాడతారు. దాని వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. మన పది రూపాయల నాణెం 27 మిల్లీమీటర్లు, అంటే గొట్టం నోరు నాణెం కంటే కాస్తే పెద్దది. బొమ్మ నుంచి ఊడిన ముక్క ఏదైనా నొక్కకుండానే ఆ గొట్టంలో పూర్తిగా ఇమిడిపోతే ఆ బొమ్మ ఆ వయసుకి పనికిరాదు. పసివాళ్ల శ్వాసనాళం సన్నం, దగ్గు బలం తక్కువ. అడ్డం పడ్డదాన్ని మనలా దగ్గి బయటికి తోసెయ్యలేరు. గొంతు పూర్తిగా మూసుకుపోతే ఏడుపు కూడా వినిపించదు, పక్క గదిలో ఉన్న తల్లికి తెలిసే దారే లేదు. ఇలాంటి వయసుకి పూసల దండలున్న బొమ్మ ఇమ్మంటున్నారు, వేళ్ల నేర్పు కోసం! వేళ్ల నేర్పు కావాలంటే కంచంలో అన్నం మెతుకులు వేసి కూర్చోబెట్టండి, ఒక్కొక్కటీ ఏరుకుని తింటుంది.

మొన్న మా వీధిలో ఒక పాప మొదటి పుట్టినరోజుకి వచ్చిన బొమ్మని చేతిలోకి తీసుకుని చూశాను. గౌను మీద ముత్యాలు కుట్టలేదు, జిగురుతో అంటించారు. గోటితో కాస్త తోస్తే రెండు ఊడి చేతిలోకి వచ్చాయి. వీపు మీద బ్యాటరీ మూతకి స్క్రూ లేదు, బొటనవేలితో నెడితే జారింది, లోపల మూడు బటన్ సెల్స్, గుండీల్లా గుండ్రంగా ఉండే చిన్న బ్యాటరీలు. పెట్టె అడుగున, ఎవరి కంటా పడని మూల, ఏడుపు ముఖం పక్కన 0-3 అని రాసి అడ్డగీత కొట్టిన గుర్తు. మూడేళ్లలోపు వాళ్లకి ఇవ్వద్దని తయారుచేసినవాళ్లే ముద్ర వేశారు. దాన్ని మనం రంగు కాగితం చుట్టి ఏడాది పాపకి కానుకగా పట్టుకెళ్తున్నాం.

ఆ సెల్స్ సంగతి ఇంకా ఘోరం. సెల్ మింగితే మలంలో పోతుందిలే అని అరటిపండు పెట్టి ఎదురుచూసేవాళ్లున్నారు. అన్నవాహికలో ఇరుక్కున్న బటన్ సెల్ అక్కడి తడితో కలిసి కరెంటు పారిస్తుంది, ఒక కొస దగ్గర క్షారం తయారై కండని కాలుస్తుంది. తీవ్రంగా కాలడానికి రెండు గంటలు చాలు. బొమ్మ నడవనంత అయిపోయిన సెల్‌లోనూ ఆ పాటి శక్తి మిగిలే ఉంటుంది. మింగిందన్న అనుమానం వస్తే చాలు, వాంతి చేయించకుండా, రేపు చూద్దాం అనుకోకుండా, మన విశాఖ కేజీహెచ్చో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దగ్గర్లోని పెద్ద ఆసుపత్రో, నేరుగా క్యాజువాలిటీకి తీసుకుపోయి ఎక్స్‌రే తీయించాలి.

ఇక ఐఎస్ఐ గుర్తు. మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకి 2021 జనవరి 1 నుంచి అది తప్పనిసరి. ఊడే ముక్కలు, వాడి అంచులు, రంగుల్లో సీసం లాంటి లోహాలు, అన్నీ ఆ పరీక్షల్లోనే చూస్తారు. ధర పెంచడానికట! పదిహేను రూపాయలు మిగుల్చుకోమని చెప్పడానికి పిల్ల గొంతే దొరికిందా?

మూడోది: మాట్లాడే బొమ్మ కొంటే మాటలు తొందరగా వస్తాయి. అమెరికాలో నార్తర్న్ అరిజోనా యూనివర్సిటీకి చెందిన అనా సోసా 10 నుంచి 16 నెలల పిల్లల మీద చేసిన అధ్యయనం 2016లో అచ్చయింది. చిన్న అధ్యయనమే. కానీ మోతలు పెట్టే బొమ్మలు ఇచ్చినప్పుడు తల్లిదండ్రులు మాట్లాడిన మాటలూ తగ్గాయి, పిల్లలు బదులు పలకడమూ తగ్గింది. మాట్లాడని బొమ్మ అయితే దాని తరఫున మీరే మాట్లాడతారు: "బుజ్జి బజ్జుందా, బుజ్జికి ఆకలేసిందా" అని. పిల్లకి మాట వచ్చేది అక్కడే.

నాలుగోది: మగపిల్లాడికి బొమ్మ ఇస్తే ఆడంగి అవుతాడు, కారు ఇవ్వండి. ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య పిల్లలు బొమ్మకి ఉత్తుత్తి పాలు పడతారు, పడుకోబెట్టి దుప్పటి కప్పుతారు. మగపిల్లలూ కప్పుతారు. వాడు చూస్తున్నది వాళ్ల నాన్న చెల్లాయిని ఎత్తుకుని జోకొట్టడం. అది మగతనానికి తక్కువైతే ఆ నాన్నకి చెప్పండి ముందు.

ఐదోది: తెల్లటి బొమ్మే కొనండి, నల్ల బొమ్మ చూస్తే జడుసుకుంటారు. జడుసుకోవడం పిల్ల వల్ల కాదు, పక్కన "ఛీ, నల్లగా ఉంది" అనే పెద్దల వల్ల వస్తుంది. 1940ల్లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు కెన్నెత్, మేమీ క్లార్క్ దంపతులు నల్లజాతి పిల్లల ముందు తెల్ల బొమ్మనీ నల్ల బొమ్మనీ పెట్టి ఏది మంచిదని అడిగితే ఎక్కువమంది తెల్ల బొమ్మనే చూపించారు. పాఠశాలల్లో జాతి వివక్ష చెల్లదని 1954లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో క్లార్క్ పరిశోధన ప్రస్తావన ఉంది. అద్దంలో తన చామనఛాయ చూసుకునే మన పాప చేతిలో ఎప్పుడూ గులాబీ రంగు బొమ్మే ఎందుకుండాలి?

ఆరోది: చెక్క బొమ్మలు వద్దు, పాతకాలం సరుకు, లక్క విషం. మన పక్కనే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రని లేతు మీద తిప్పి, లక్క పట్టించి చేసే బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలతో సహజ రంగులు మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. నమోదైన హస్తకళాకారుల బొమ్మలకి ఐఎస్ఐ మినహాయింపు ఉంది కాబట్టి ఆ గుర్తు లేదని వాటిని తీసిపారెయ్యకండి. లక్క విషమన్నది పచ్చి అబద్ధం.

అయినా ఒక మాట ఒప్పుకుంటాను. కావలించుకుని తిరిగే మొదటి బొమ్మగా చెక్కది వద్దనడం సబబే. నడక నేర్చే పిల్ల దాన్ని విసురుతుంది, దాని మీదే పడుతుంది, మూతి పగులుతుంది. పైగా ఏటికొప్పాక పేరు చెప్పి రోడ్డు పక్క అమ్మేవాటన్నిటికీ సహజ రంగులే వేశారన్న నమ్మకం లేదు. మొదటిది గుడ్డ బొమ్మే ఉండనివ్వండి. మన ఊరి సముద్రపు చెమ్మకి బొచ్చు బొమ్మ వానాకాలంలో ముక్కవాసన వేస్తుంది, ఉతికి ఆరేస్తే ఒక పూటలో ఆరేంత పల్చటి నూలుది చూడండి. ఏడాది లోపు పిల్ల పక్కలో మాత్రం నిద్రవేళ ఏ మెత్తటి బొమ్మా వద్దు.

ఆ మెసేజీ నమ్మి ఇప్పటికే కొనేసినవాళ్లు ఈ రాత్రే పూసలూ గుండీలూ లాగి చూడండి, ఊడేవి తీసెయ్యండి. బ్యాటరీ మూతకి స్క్రూ లేకపోతే సెల్స్ తీసి, ఒక్కోదానికి రెండు వైపులా టేపు చుట్టి, పిల్లకి అందనంత ఎత్తున పెట్టండి.