చక్రవర్తి లాక్ నట్టు గారికి

మహారాజశ్రీ లాక్ నట్టు గారి దివ్యసముఖమునకు,

మీ సేవకుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, మనిద్దరిలో ఎవరూ కుశలంగా లేరు. కారు చక్రానికి తాళంలా బిగించే నట్టు తమరు. చక్రంలో వర్తించేవారు కాబట్టి తమరిని చక్రవర్తి అంటున్నాను. మొన్న ఆదివారం చిట్యాల దాటాక విజయవాడ హైవే పక్కన, మిట్టమధ్యాహ్నం, మూడు గంటల పాటు తమ దర్బారులో మోకాళ్ల మీద ఉన్నవాణ్ణి. ఆ మాత్రం బిరుదు ఇవ్వకపోతే నాకే నామోషీ.

సూర్యాపేటలో మేనమామ మనవడి పంచెల ఫంక్షన్. వెనక సీట్లో మా అత్తగారు, ఆవిడ ఒళ్లో పూలబుట్ట. రాయి తగిలి ఎడమవైపు ముందు టైరు పక్కగోడ చీలింది. పక్కన చీలితే పంక్చర్ వేయరు, స్టెప్నీ మార్చాల్సిందే. "పది నిమిషాల పని" అన్నాను మా ఆవిడతో. ఆ పది నిమిషాలు మా ఇంట్లో ఇంకా గడుస్తూనే ఉన్నాయి.

చక్రానికి నాలుగు నట్లు. మూడు మామూలువి, పాపం. పానా పెట్టి కాలితో తొక్కితే కిర్రుమని ఊడివచ్చాయి. నాలుగోది తమరు. తమరి ముఖాన మెలికలు తిరిగిన గాడి ఉంటుంది, అందులో అచ్చంగా కూర్చునే కీ ఉంటుంది, అది తప్ప ఇంకోటి తమరికి పనికిరాదు. డ్యాష్‌బోర్డులోంచి కీ తీశాను. చిన్న ప్లాస్టిక్ కవరు, దాని మీద రబ్బరు బ్యాండు, రెండు చుట్లు. కవరు విప్పి కీ పెట్టాను. పానా మీద కాలేసి తొక్కాను. టక్కుమంది. నట్టు వదిలిందని మా ఆవిడ వైపు చూసి నవ్వాను కూడా. విరిగింది కీ.

విరిగిన ముక్కను ఎండకు పెట్టి చూశాను. విరుపులో సగం కొత్త స్టీలు గిన్నెలా మెరుస్తోంది. మిగతా సగం గోధుమరంగు తుప్పు. అంటే ఆదివారం నేను విరిచింది సగమే. ఆ తుప్పు పట్టిన సగాన్ని నెలల కిందటే ఎవరో విరిచి పెట్టారు. జూన్‌లో సర్వీసింగ్‌కి ఇచ్చాను. మెకానిక్కు గాలి గన్ను పెట్టి టర్ర్ టర్ర్‌మని నట్లు బిగిస్తుంటే అద్దానికి ఇవతల కూర్చుని టీ తాగుతూ చూశాను. గన్ను వాడొద్దు, చేత్తో బిగించండి అని తమరి డబ్బా మీదే రాసి ఉంది. చదివేదెవరు? సరే, గన్ను వాడాడు. కీ చిట్లింది. మనుషులన్నాక పొరపాట్లు జరుగుతాయి. కానీ చిట్లిన కీని బుద్ధిగా కవర్లో పెట్టి, రబ్బరు బ్యాండు వేసి, ఎక్కడిది అక్కడ సర్దాడు చూడండి! ఒక్క చుట్టు వేసి ఉంటే హడావిడిలో చూసుకోలేదు అనుకునేవాణ్ణి. రెండు చుట్లు. తీరిగ్గా. సాయంత్రం ఫోన్ చేసి పదికి ఎన్ని మార్కులిస్తారు సార్ అని అడిగారు. పదిచ్చాను.

కీ పోతే నంబరు చెప్పి కొత్తది తెప్పించుకోవచ్చట. ఆ నంబరున్న కార్డును జాగ్రత్తగా దాచుకోమన్నారు. దాచాను, ఎంత జాగ్రత్తగానంటే నాకే దొరకనంత. రోడ్డు మీద సాయం చేసేవాళ్లకు ఫోన్ చేస్తే నలభై ఐదు నిమిషాల్లో వస్తామన్నారు, మూడుసార్లు.

చివరికి నీళ్ల బాటిళ్లు అమ్మే ఆయన జాలిపడి పంక్చర్ షాపు అతన్ని పిలిపించాడు. పాత మోపెడ్, యూరియా సంచి. అందులో సుత్తి, పొడుగు రాడ్డు, ఒక ఇనుప పైపు, నల్లబడ్డ సాకెట్లు నాలుగైదు. కూర్చుని తమరిని తేరిపార చూశాడు.

"గిది ఎవలు పెట్టిచ్చిండ్రు సార్?"

"నేనే."

"ఎందుకు?"

"దొంగలు చక్రాలు ఎత్తుకుపోకుండా."

అతను ఏమీ అనలేదు. పన్నెండు మూలల సాకెట్టు ఒకటి ఏరాడు, తమరి తలకాయ కన్నా వెంట్రుకవాసి చిన్నది. తల మీద పెట్టి సుత్తితో నాలుగు వేశాడు. మూలలు కరుచుకున్నాయి. రాడ్డు పెట్టి, రాడ్డుకు పైపు తొడిగి, "జర పట్టుండ్రి సార్" అన్నాడు. ఇద్దరం కలిసి ఒక్క గుంజు. ఫోన్‌లో టైము చూశాను. మొత్తం ఆరు నిమిషాలు.

ఆరు నిమిషాలు! సిగ్గుందా నీకు? రెండు వేలు పోసి కొన్నది నేను. కారు నాది, కీ నాది, ఆర్సీ మీద పేరు నాది. మూడు గంటలు బతిమాలితే కదలని వాడివి, ముక్కూమొహం తెలియనివాడు వచ్చి నెత్తిన నాలుగు వేస్తే కిక్కురుమనకుండా వాడి వెంట వచ్చేస్తావా? ఆ సుత్తీ, ఆ సాకెట్టూ దొంగ దగ్గర ఉండవా? వాడికి పంచెల ఫంక్షన్ కూడా ఉండదు, తీరిగ్గా నాలుగు చక్రాలూ విప్పుకుంటాడు. నువ్వు ఆపింది ఎవర్ని? నన్ను. మా అత్తగారిని.

కొన్ని రకాలకు పైన వదులుగా తిరిగే రింగు ఉంటుందట. సాకెట్టు కొట్టినా ఆ రింగే ఊరికే గిర్రున తిరుగుతుంది, అప్పుడు వెల్డింగే గతి అన్నాడతను. అంత ఖరీదైనవి కొననందుకు నా పిసినారితనానికి జీవితంలో మొదటిసారి దండం పెట్టుకున్నాను.

డబ్బాలోంచి మామూలు నట్టు ఒకటి తీసి, మర సరిపోతుందో లేదో వేళ్లతో తిప్పి చూసి, స్టెప్నీకి బిగించాడు. ముప్పై రూపాయలు. నువ్వేమో సాకెట్టులో ఇరుక్కుని ఊడిరానన్నావు. దాని ఖరీదు కూడా నేనే కట్టాను. సూర్యాపేట చేరేసరికి మటన్ గిన్నెలో గరిట ఉంది. పిల్లాడు పంచె విప్పేసి నిక్కరులో తిరుగుతున్నాడు.

ఇప్పుడు తమరు సాకెట్టుతో సహా నా టేబుల్ మీద కరెంటు బిల్లులు ఎగిరిపోకుండా కాపలా కాస్తున్నారు. ఆ పని మాత్రం బాగా చేస్తున్నారు, కాదనను. మిగతా మూడు చక్రాల మీద తమరి తమ్ముళ్లు అలాగే ఉన్నారు. కీ లేదు. హైదరాబాద్‌లో ఏ షాపుకెళ్లి అడిగినా "ముందు గన్ను పెట్టి చూద్దాం సార్" అంటున్నారు. ఈ ఆదివారం మళ్లీ చిట్యాలకే పోతున్నాను.

ఇట్లు,
ఒక చక్రానికి మాత్రం యజమాని

తా.క.: ఆ రబ్బరు బ్యాండు పారేయలేదు. వచ్చే సర్వీసింగ్‌కి పట్టుకెళ్తాను.