మన రోడ్లకు 23 టైర్లు అంటగట్టకండి

మొన్న ఆదివారం పొద్దున్నే చేవెళ్ల దారిలో మర్రిచెట్ల కింద ఒక కుర్రాడు సైకిల్ తలకిందులుగా పెట్టుకుని కూర్చున్నాడు. ఆగి "ఏమైంది తమ్ముడూ?" అంటే ట్యూబు నా చేతిలో పెట్టాడు. కాస్త గాలి ఎక్కించి చెంప దగ్గర పెట్టుకుంటే రెండు చోట్ల నుంచి గాలి తగులుతోంది. రెండు చిల్లులూ పక్కపక్కనే, పాము కాటేసినట్టు. గుంతలో పడ్డప్పుడు టైరు పూర్తిగా నొక్కుకుపోయి, రిమ్ము అంచులకీ రోడ్డుకీ మధ్య ట్యూబు నలిగితే ఇలాంటి చిల్లులే పడతాయి.

"మూడు వారాల్లో ఇది నాలుగోది అన్నా. అమ్మేద్దామనుకుంటున్నా" అన్నాడు. ఎనిమిది నెలలు జీతంలోంచి దాచుకుని కొన్న సెకండ్ హ్యాండ్ రోడ్ బైక్ అది. టైర్లు మాత్రం కొత్తవి. 700x23, అంటే 23 మిల్లీమీటర్ల వెడల్పువి. పాతవి అరిగాయని షాపుకి తీసుకెళ్తే, రోడ్ బైక్ అంటే టైరు సన్నగానే ఉండాలని చెప్పి అవి వేశారట. గాలి 120 పీఎస్ఐ కొట్టి పంపారట. ఆ గాలి కొట్టి పది రోజులైంది. ఇంట్లో పంపు లేదు. వీధి చివర పంక్చర్ షాపులో పంపు ఆ సన్నటి ప్రెస్టా వాల్వుకి పట్టదు. అంత సన్న ట్యూబులో ఉండేదే కొంచెం గాలి, పది రోజుల్లో అది ఎంత దిగిపోతుందో అతనికి ఎవరూ చెప్పలేదు.

నా దగ్గర స్పేర్ ట్యూబు ఉంటే వేశాం. వెళ్లే ముందు నా టూల్ కిట్‌లోని 4 మిల్లీమీటర్ల అలెన్ కీ తీసి అతని టైరుకీ ఫ్రేముకీ మధ్య పెట్టి చూశాను. ఎక్కడా ఆనకుండా అటూ ఇటూ తిరిగింది. పక్కన ఇంకోటి పెట్టినా పట్టేంత చోటుంది. అంటే ఆ సైకిల్‌కి 28 టైరు హాయిగా పడుతుంది. చోటు ఉండి కూడా 23 వేశారు. నాకు నిజంగా కోపం వచ్చింది, ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

ఎందుకంటే ఆరేళ్ల కిందట నాకూ ఇదే జరిగింది. షాపు వేరు, మాట అదే. సన్నగా ఉంటే స్పీడు, గాలి ఎంత గట్టిగా ఉంటే అంత స్పీడు. నమ్మాను. ఆ టైర్లతో వికారాబాద్ వెళ్లొస్తే సాయంత్రం దాకా అరచేతులు తిమ్మిరి. ఒకరోజు అనంతగిరి ఘాట్ దిగుతుంటే చినుకులు పడి, మలుపులో వెనక చక్రం పక్కకి జారింది. అదృష్టం బాగుండి పడలేదు. తప్పు నా బ్రేకు పట్టడంలో ఉందనుకున్నాను తప్ప, రాయిలాగా గాలి నింపిన టైరులో ఉందని అప్పట్లో తట్టలేదు.

గట్టి టైరు ఎందుకు వేగంగా పోతున్నట్టు అనిపిస్తుందంటే, రోడ్డులోని ప్రతి గరుకూ చేతుల్లోకి వస్తుంది. ఆ అదురు మనకి స్పీడులా తోస్తుంది. నిజానికి ఆ అదిరేది మన ఒళ్లు, ఆ అదురులో పోయేది మన కాళ్ల బలం. టైరు పరీక్షలు నున్నటి ఇనుప డ్రమ్ము మీద చేసినన్నాళ్లూ ఎక్కువ గాలి ఉన్న టైరే గెలిచేది. డ్రమ్ము మీద గుంతలు ఉండవు, కంకర తేలిన తారు ఉండదు, పైన మనిషి ఉండడు. మామూలు రోడ్డు మీద అలా కాదు. ఒక హద్దు దాటి గాలి కొడితే సైకిల్ ముందుకు పోవడం మానేసి పైకీ కిందకీ ఎగరడం మొదలుపెడుతుంది. వెడల్పు టైరు, తక్కువ గాలి ఉంటే ఆ గరుకుని టైరే మింగేస్తుంది.

గాలి టైరు పుట్టిందే ఇలా. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరు జాన్ బాయ్డ్ డన్‌లప్, రాళ్లు పరిచిన వీధుల్లో కొడుకు మూడు చక్రాల సైకిల్ ఎగిరెగిరి పడుతుంటే చూడలేక గాలి టైరుకి పేటెంటు తీసుకున్నాడు. అప్పటిదాకా ఉన్నవి గట్టి రబ్బరు టైర్లు, సన్నవి. లావుగా ఉన్న ఈ టైర్లు చూసి జనం నవ్వారు. మరుసటి ఏడాదే విలియం హ్యూమ్ అనే రేసర్ వాటితో బెల్‌ఫాస్ట్ పందేల్లో గెలిచేశాడు. పిల్లాడి నడుము కోసం చేసిన టైరు రేసు గెలిచిందంటే, సుఖం వేరు, వేగం వేరు అనే మాట ఆనాడే తేలిపోయినట్టు కదా! ప్రొఫెషనల్ రేసర్లు కూడా పదిహేనేళ్ల కిందట 23 వాడేవాళ్లు, ఇప్పుడు 28, 30కి వచ్చారు. పారిస్-రూబే లాంటి రాళ్ల రోడ్ల రేసులో 32 కూడా వేస్తున్నారు. గంటకి 45 కిలోమీటర్ల వేగంతో, యూరప్‌లోని నున్నటి రోడ్ల మీద పోయేవాళ్లే మారారు. గంటకి 25 కిలోమీటర్ల వేగంతో పోయే మనకి, స్పీడ్ బ్రేకర్ల మీద స్పీడ్ బ్రేకర్లు ఉన్న రోడ్ల మీద, ఇంకా 23 అంటగట్టడం అన్యాయం.

బరువు పెరుగుతుంది కదా అంటారు. ఒకే మోడల్‌లో 23కీ 28కీ తేడా టైరుకి సుమారు 40 గ్రాములు. లోపల గాలికి చోటు మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లు. 40 గ్రాములకి గుంతలో రిమ్ము బతుకుతుందంటే నేను కళ్లు మూసుకుని ఒప్పుకుంటాను.

ఇక గాలి. టైరు పక్కన అచ్చు వేసి ఉండే అంకె గరిష్ఠ పరిమితి. అంతవరకు కొట్టమని దాని అర్థం కాదు, అది దాటొద్దని. నా బరువు 74 కిలోలు. 28 టైర్లలో వెనక 72, ముందు 67 కొడతాను. మన బరువు వెనక చక్రం మీద ఎక్కువ పడుతుంది కాబట్టి ముందు కొంచెం తక్కువ. వాన రోజు ఇంకో నాలుగైదు తగ్గిస్తాను. మీరు 90 కిలోలుంటే ఇంకాస్త కావాలి, 55 ఉంటే 60కి కూడా దిగొచ్చు. టైర్ల మీద పెట్టే డబ్బులో కొంచెం మిగుల్చుకుని గేజి ఉన్న ఫ్లోర్ పంపు కొనుక్కోండి. వారానికోసారి చూసుకోకపోతే ఎంత మంచి టైరైనా దండగ.

సైజు దగ్గర ఒక పెద్ద చిక్కుంది, కొత్తవాళ్లు తప్పకుండా చదవండి. దసరాకి నల్గొండ వెళ్లినప్పుడు నా టైరు పక్క చీలింది. ఊళ్లో పాత సైకిల్ షాపుకి వెళ్లి "బాబాయ్, 28 టైరు ఉందా?" అంటే వెంటనే తీసి ఇచ్చాడు. రిమ్ము మీద పెడితే వదులు, కిందకి జారిపోతోంది. ఆయన తప్పేం లేదు. మన నాన్నలు తొక్కిన పెద్ద సైకిళ్ల టైరునీ 28 అనే అంటారు, 28x1½. దాని రిమ్ము కొలత 635 మిల్లీమీటర్లు. రోడ్ బైక్ 700x28 టైరుకి అది 622. 13 మిల్లీమీటర్ల తేడా. ఒకదానిలో 28 అంటే చక్రం ఎత్తు అంగుళాల్లో, రెండోదానిలో టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. అందుకే టైరు పక్కన సన్నటి అక్షరాల్లో 28-622 అని రాసి ఉంటుంది చూడండి, ఆ 622 చూసి కొనండి. ఆరోజు చీలిన చోట లోపలివైపు పది రూపాయల నోటు మడిచి పెట్టి, గాలి తక్కువ కొట్టి ఇల్లు చేరాను. నోటు కాగితం గట్టిది, ట్యూబుని బయటికి ఉబ్బనివ్వలేదు.

కొనేముందు ఫ్రేములో చోటు చూసుకోండి. టైరుకీ ఫ్రేముకీ, ఫోర్కుకీ, బ్రేకుకీ మధ్య అన్ని వైపులా 4 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. అలెన్ కీ అందుకే. రిమ్ బ్రేకులున్న పాత ఫ్రేముల్లో కొన్నిటికి 25తోనే చోటు అయిపోతుంది, అప్పుడు 25 వేసుకోండి, దానికేం తక్కువ కాదు. ఒక్కటి గుర్తుంచుకోండి, రిమ్ము లోపలి వెడల్పు ఎక్కువైతే 25 అని రాసి ఉన్న టైరు 27 దాకా పొంగుతుంది. డిస్క్ బ్రేకులైతే మామూలుగా 30, 32 కూడా పడతాయి. 200 కిలోమీటర్ల బ్రెవేలు (రేసు కాదు, గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు రైడ్లు) పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలనుకునేవాళ్లకి నేను 32నే చెప్తాను. హుక్‌లెస్ రిమ్ములు, అంటే టైరు అంచుని పట్టి ఉంచే కొక్కెం లాంటి వంపు లేని రిమ్ములు, ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త. వాటిలో 5 బార్, అంటే 72.5 పీఎస్ఐ దాటకూడదు. ఆ రిమ్ములకి సరిపోతుందని కంపెనీ చెప్పిన ట్యూబ్‌లెస్ టైరే వేయాలి. దీంట్లో సర్దుబాటు లేదు.

మన ముళ్ల సంగతి. పొలాల దారుల్లో ట్రాక్టరు తుమ్మకంప లాక్కెళ్తే రోడ్డంతా ముళ్లు రాలతాయి. సర్కారు తుమ్మ ముల్లు ఎండితే మేకుతో సమానం. రోడ్డు అంచున పల్లేరు కాయలు. కాలిఫోర్నియాలో ఉన్న మా బావ ఒకసారి గోట్‌హెడ్ అని ఫొటో పంపి, ఇక్కడ వీటితో ప్రాణం పోతోంది అన్నాడు. చూస్తే మన పల్లేరే! అక్కడ ఆ మొక్కకి పంక్చర్ తీగ అనే పేరు. అన్నిటికన్నా మోసం హైవే అంచుల్లో ఉంటుంది. పగిలిన లారీ టైర్ల నుంచి ఊడిన వెంట్రుకంత ఉక్కు తీగలు కంటికి ఆనవు. అందుకని టైరు లోపల పంక్చర్ పొర ఉందో లేదో అడగండి. కాంటినెంటల్ గ్రాండ్ ప్రి 5000లో వెక్ట్రాన్ అనే గట్టి పోగుల పొర ఒకటి, అదే కంపెనీ 4 సీజన్‌లో రెండు ఉంటాయి. నేను వెనక్కి 4 సీజన్ వాడతాను. జతకి పది వేల దాకా అవుతుంది, తక్కువేం కాదు. అంత పెట్టలేకపోతే మామూలు వైర్ బీడ్ (అంచులో ఉక్కు తీగ ఉండే) టైరైనా సరే 28లోనే, పంక్చర్ పొర ఉన్నదే తీసుకోండి. ఖరీదైన 23 కన్నా అది మిమ్మల్ని ఎక్కువ దూరం తీసుకెళ్తుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల ట్రాక్ ఉంది కదా, అక్కడ తప్ప ఇంకెక్కడా తొక్కనివాళ్లకైతే తేలికపాటి 25 చాలు.

గీతలు, గాట్లు ఉన్న టైరు వానలో పట్టు ఇస్తుందని కొందరు అదనంగా డబ్బు పెడతారు. వద్దు. కారు నీటి మీద తేలుతుంది, సైకిల్ వేగానికి, అంత సన్న టైరుకి ఆ సమస్యే రాదు. పట్టు ఇచ్చేది రబ్బరు మెత్తదనం, సరైన గాలి.

మార్చే సమయం ఎలా తెలుస్తుందంటే, వెనక టైరు నడుమ గుండ్రం పోయి పలకగా అవుతుంది. కొన్నిటికి చిన్న చిన్న గుంటలు ఉంటాయి, అవి కనబడకుండా పోతే టైము అయినట్టే. నాకు వెనకది 4,500 కిలోమీటర్లు వచ్చింది. బాల్కనీలో ఎండకి పెట్టిన సైకిలైతే తొక్కకపోయినా పక్కలు పగుళ్లు పడతాయి, అవీ చూడండి. వెనకది అరిగిందని కొత్తది వెనకే వేయకండి. ముందున్న దాన్ని వెనక్కి మార్చి, కొత్తది ముందు వేయండి. వెనక టైరు పేలితే సైకిల్ ఊగుతుంది, ఆపుకోవచ్చు. ముందుది పేలితే నేరుగా కింద పడే ప్రమాదం ఉంది.

ఆ కుర్రాడికి ఇవన్నీ అక్కడే రోడ్డు మీద చెప్పాను. వింటాడో లేదో అనుకున్నా. బుధవారం సాయంత్రం 28 టైర్లు రెండు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. టైరు మీద పేరు సరిగ్గా వాల్వు దగ్గరికి వచ్చేలా ఎక్కించడం నేర్పించాను. రేపు ట్యూబుకి చిల్లు పడితే, వాల్వు నుంచి ఎంత దూరంలో ఉందో చూసి, టైరులో అదే చోట వేలితో తడిమి ముల్లు తీయొచ్చు. ముల్లు తీయకుండా కొత్త ట్యూబు వేస్తే అదీ పోతుంది. అతని నాలుగు పంక్చర్లలో రెండు అలా పోయినవే. ఊడదీసిన పాత టైరు లోపల వేలు పెట్టి చూస్తే సన్నటి ఉక్కు తీగ ముక్క ఇంకా అక్కడే ఉంది.

పంపు అతనే కొట్టాడు. గేజి 70 దగ్గర ఆగింది. "ఇంతేనా అన్నా, ఇంకో ఇరవై కొట్టనా?" అన్నాడు. వద్దన్నాను. మా వీధిలో రెండు స్పీడ్ బ్రేకర్లు దాటి మలుపు దాకా వెళ్లాడు, తిరిగొచ్చి ఆగకుండా మళ్లీ వెళ్లాడు.