మలావీ వెళ్దామంటున్న మన డాక్టర్లకు

ఆఫ్రికాలోని మలావీ దేశంలో హెచ్‌ఐవీ రోగులకు వైద్యం చేయడానికి అమెరికాలోని మన సంఘం తరఫున డాక్టర్లను పంపుదామన్న మాట మొన్న కార్యవర్గ సమావేశంలో వచ్చింది. తప్పకుండా వెళ్లాలి. కానీ ఊళ్లో కంటి శిబిరం పెట్టినట్టు పెట్టి వచ్చేస్తామంటే నేను ఒప్పుకోను. శుక్లం ఒకసారి తీస్తే ఆ కంటికి పని అయిపోయినట్టే. హెచ్‌ఐవీ మాత్ర బతికున్నన్నాళ్లూ రోజూ వేసుకోవాలి. మనం విమానం ఎక్కేశాక ఆ మాత్రలు ఎవరిస్తారు?

మలావీ రాజధాని లిలాంగ్వేలో ఒక క్లినిక్‌లో నేను స్వచ్ఛందంగా పనిచేశాను. అక్కడ రోగుల్ని ఎక్కువగా చూసేది క్లినికల్ ఆఫీసర్లు (డాక్టర్లు కాకపోయినా వైద్యం చేయడానికి శిక్షణ పొందినవాళ్లు), నర్సులు. ఈ జబ్బులో వాళ్లకున్న అనుభవం అమెరికాలో ప్రాక్టీసు చేసే మనలో చాలామందికి లేదు. గర్భిణికి హెచ్‌ఐవీ ఉందని తేలితే సీడీ4 లెక్క (రక్తంలో రోగనిరోధక కణాల సంఖ్య) కోసం ఆగకుండా జీవితాంతం మందులివ్వడం 2011లోనే మొదలుపెట్టిన దేశం అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతిని 2013లో సిఫారసు చేసింది.

ఒక చంటిపిల్ల తల్లికి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) బాగా ఎక్కువగా వచ్చింది. ఇలాంటప్పుడు మందు మార్చేద్దామని మనకు వెంటనే తోస్తుంది. అక్కడి కౌన్సెలర్ తనూ హెచ్‌ఐవీతో బతుకుతున్న మనిషి. ఆమె పక్కన కూర్చుని, "మాత్రలు ఇంట్లో ఎక్కడ పెడుతున్నావు?" అని అడిగింది. సంగతి అప్పుడు బయటపడింది. సీసా గలగలమంటే అత్తగారికి తెలిసిపోతుందని మాత్రలు గుడ్డలో మూటకట్టి పిండి డబ్బాలో దాచుకుంటోందట. ఇంట్లో ఎవరైనా ఉన్న రోజు మాత్ర లేనట్టే. కౌన్సెలర్ సీసాలో దూది కుక్కి ఇచ్చి, నీళ్లకు వెళ్లే వేళకు మాత్ర వేసుకోమంది. తర్వాతి పరీక్షలో వైరల్ లోడ్ పడిపోయింది, మందు మార్చే పనే లేకుండా. బయటినుంచి వచ్చిన డాక్టరుకు ఆ ప్రశ్న తట్టదు. తట్టినా ఆ తల్లి జవాబు చెప్పదు.

అసలు ఆ మాత్రలు అక్కడిదాకా వచ్చాయంటే మనవాళ్ల చెయ్యి ఎంతో ఉంది. ఒకప్పుడు ఒక్క మనిషికి ఏడాదికి పదివేల డాలర్లు దాటిన మందులను 2001లో మన దేశపు మందుల కంపెనీ సిప్లా 350 డాలర్లకే ఇస్తానంది. 2017లో కుదిరిన ఒప్పందంతో, మూడు హెచ్‌ఐవీ మందులు కలిసి రోజుకొక్క మాత్రగా వచ్చే టీఎల్‌డీ ధర ఏడాదికి 75 డాలర్ల దగ్గరికి వచ్చింది. ఆ ఒప్పందంలో మన హైదరాబాద్ మందుల కంపెనీ అరబిందో ఉంది. నాకు చాలా గర్వంగా ఉంటుంది.

మందు చవకయింది కానీ దాన్ని రోజూ వేసుకునేలా చూసే మనుషులకు జీతాలు కావాలి. 2003లో మొదలైన పెప్‌ఫార్ (హెచ్‌ఐవీ మీద అమెరికా ప్రభుత్వ విదేశీ సాయ కార్యక్రమం) నిధులతో అలాంటివాళ్లు వేలమంది పనిచేసేవారు. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఆపేయడంతో చాలాచోట్ల వాళ్ల ఉద్యోగాలు పోయాయి. ఇక్కడ పన్నులు కట్టే మనం మన కాంగ్రెస్ సభ్యులకు ఫోన్ చేసి అడగాల్సిన విషయమిది.

డాక్టర్లను పంపేటట్టయితే ప్రతి ఏడూ అదే క్లినిక్‌కి, వీలైతే అదే మనుషుల్ని పంపుదాం. అక్కడి మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ముందే తీసుకోవాలి. వాళ్ల ప్రోటోకాల్ ప్రకారమే నడుచుకోవాలి. రోగుల ఫోటోలు ఈ పత్రికలో గానీ వాట్సాప్‌లో గానీ పెట్టకూడదు. ఆ క్లినిక్ ముందు నిలబడ్డ ఫోటో చాలు, జబ్బు ఊరంతా తెలియడానికి. విమానం టికెట్లకు ఎంత ఖర్చు పెడతామో అంత డబ్బూ అక్కడి కౌన్సెలర్ల జీతాలకు కనీసం ఐదేళ్లపాటు ఇస్తామని సంఘం రాసివ్వాలి. వచ్చే సమావేశంలో ఈ తీర్మానం నేనే పెడుతున్నాను. బలపరిచేవాళ్లు ముందుగా ఒక మాట చెప్పండి.