సవరణ: ప్రమాణంలో దేవుడి పేరు తప్పనిసరి కాదు

మొన్న ఆమదాలవలసలో టీ కొట్టు దగ్గర వాదన వేడెక్కి, ఇంటికొచ్చి రాసిన పోస్టులో, ఎమ్మెల్యేలు ‘దైవసాక్షిగా’ అనకపోతే ప్రమాణం చెల్లదని ఖాయంగా రాసేశాను. అది తప్పు. మా మేనమామ, రిటైర్డ్ మాస్టారు, పొద్దున్నే ఫోన్ చేసి ‘ఏటిరా, మూడో షెడ్యూలు చూడకుండానే రాసేశావేటి’ అని కడిగేశారు.

రాజ్యాంగం మూడో షెడ్యూలులో రెండు దారులున్నాయి. దేవుడి పేరు మీద ప్రమాణం చేయొచ్చు, లేదా దేవుడి ఊసు లేకుండా నిష్ఠతో ధ్రువీకరించొచ్చు. రెండింటికీ విలువ ఒకటే.

అలాగని ఎవరికి నచ్చిన పేరు వాళ్లు పెట్టుకోవడం కుదరదు. ‘అరసవల్లి సూర్యనారాయణస్వామి సాక్షిగా అన్నా సరిపోద్ది’ అని అదే పోస్టులో సరదాగా రాశాను గానీ, 2001లో కేరళలో ఒక ఎమ్మెల్యే సంఘ సంస్కర్త శ్రీనారాయణ గురు పేరు మీద ప్రమాణం చేస్తే, అది షెడ్యూలులో ఉన్న పద్ధతి కాదని, చెల్లదని హైకోర్టు చెప్పింది. సరైన ప్రమాణం చేయకుండా సభలో కూర్చుంటే 193వ అధికరణం కింద రోజుకు 500 రూపాయలు జరిమానా కూడా ఉంది (ఆ అంకె ఇంకా అలాగే ఉంది మరి).

అమెరికా అధ్యక్షుడి ప్రమాణంలోనూ దేవుడి పేరు ఉండాల్సిందేనని రాసిందీ తప్పే. ఆ ప్రమాణం 35 మాటలు, అందులో దేవుడు లేడు, చివర్లో ‘దేవుడు నాకు తోడ్పడుగాక’ అనేది ఎవరికి వారు కలుపుకునేదే. 1853లో ఫ్రాంక్లిన్ పియర్స్ అయితే ప్రమాణం అనకుండా ధ్రువీకరణతోనే పదవిలోకి వచ్చారు.

పాత పోస్టు తీసేయలేదు, పైన ఈ సవరణ పెట్టాను.