మేఘాలకు రెండు స్టార్లు

మా తోడల్లుడి కుటుంబం ఈ మధ్య చురుకైన కుటుంబమైపోయింది. అంతకుముందు మామూలు కుటుంబమే. ఆదివారం పదింటికి లేచి, పూరీలు తిని, మధ్యాహ్నం కోడికూర తిని, మళ్ళీ పడుకునే మర్యాదస్తులు. ఎవరి జోలికీ పోయేవారు కాదు. ఇప్పుడలా కాదు. శీతాకాలం వచ్చిందంటే విశాఖపట్నం చుట్టుపక్కల ఏ కొండకీ వాళ్ళ బారి నుంచి రక్షణ లేదు.

చురుకుదనానికి మొదటి మెట్టు టీ షర్టులు. నలుగురికీ ఒకటే చిలకాకుపచ్చ రంగు, వీపు మీద ‘అడ్వెంచర్ ఫ్యామిలీ’ అని. ముందువైపు మా తోడల్లుడికి ‘లీడర్’, వదినకి ‘బాస్’, పిల్లలిద్దరికీ ‘టీమ్’. టీ షర్టు లేకుండా కొండెక్కితే ఎక్కినట్టు కాదనీ, కట్టెలకి వెళ్ళినట్టనీ ఆయన ప్రగాఢ విశ్వాసం. పిల్లలు ఫోన్లకి అతుక్కుపోతున్నారు, బయట తిప్పాలి, కాళ్ళూ చేతులూ ఆడాలి అంటాడు. నిజమే, ఆడాలి. వాళ్ళ అపార్టుమెంటు సెల్లారులో ‘బంతాట నిషేధం, ఉల్లంఘిస్తే అయిదు వందలు జరిమానా’ అని బోర్డు వేలాడుతూ ఉంటుంది. అసోసియేషన్ కార్యదర్శి హోదాలో దాన్ని పెట్టించింది సాక్షాత్తూ ఈ లీడరే. కాళ్ళూ చేతులూ ఆడాలంటే ఘాట్ రోడ్డెక్కి వంద కిలోమీటర్ల పైచిలుకు వెళ్ళి ఆడాలి గానీ, మెట్ల కింద ఆడితే కార్లకి గీతలు పడవూ?

సరే, వంజంగి. పాడేరు పక్కన కొండ. నవంబరు నుంచి జనవరి దాకా తెల్లవారుజామున దాని మీద నిలబడితే కాళ్ళ కింద మేఘాలు పాలసముద్రంలా పరుచుకుంటాయి, అందులోంచి సూర్యుడు పైకొస్తాడు. అద్భుతం, కాదనను. ఆ అద్భుతాన్ని ఈ కుటుంబం ఎలా ఎదుర్కొందో చూసే యోగం నాకు పట్టింది. ‘తమ్ముడూ, నువ్వు రావాల్సిందే, ఫోటోలు తీసేవాడు కావాలి’ అన్నారు.

అర్ధరాత్రి దాటాక బయల్దేరాం. చోడవరం, మాడుగుల దాటి ఘాట్ ఎక్కేదాకా టీమ్ నిద్రపోయింది. మలుపుల్లో చిన్నవాడు లేచి కవరులో వాంతి చేసుకున్నాడు. కవరు కిటికీలోంచి అడవిలోకి వెళ్ళిపోయింది. ప్రకృతితో పిల్లలకి తొలి పరిచయం అలా జరిగింది.

కొండ కిందికి చేరేసరికి చందనోత్సవం నాటి సింహాచలంలా ఉంది. కార్ల వెనక కార్లు, హారన్ల మీద హారన్లు. చీకట్లో అంతమంది ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటున్నారు, అందరూ ప్రశాంతత కోసం వచ్చినవాళ్ళే. మా లీడర్ కిందకి దిగగానే అక్కడి కుర్రాణ్ణి అడిగిన మొదటి ప్రశ్న, ‘పైదాకా కారు వెళ్ళదా?’ కుర్రాడు ఆ టీ షర్టు వంక చూసి ‘లేదండి, నడవాల’ అన్నాడు. చదివే ఉంటాడు, పాపం, ఏమీ అనలేదు.

నడిచారు. చేతి గడియారం అడుగులు లెక్కపెడుతుందట. ఆయాసమొచ్చి ఆగినప్పుడల్లా మా తోడల్లుడు నిలబడిన చోటే చెయ్యి ముందుకీ వెనక్కీ ఊపేవాడు. శిఖరం చేరేసరికి కాళ్ళకన్నా చెయ్యే ఎక్కువ దూరం నడిచింది. ముందు ఒక బృందం స్పీకర్లో పాటలు, వెనక ఇంకో బృందం ఇంకో పాట. అడవిలో పక్షులున్నాయో లేవో తెలీదు, ఉన్నా వాటి మర్యాద కొద్దీ నోరు మూసుకున్నాయి.

దారి పక్కన ఊరి పిల్లలిద్దరు గోనెసంచి వేసుకుని వాలు మీద జారుతున్నారు. మా చిన్నవాడు చెయ్యి విడిపించుకుని పరిగెత్తి, వాళ్ళ వెనక సంచి మీద కూర్చుని ఒక్క జారు జారాడు. కిందపడి, లేచి, పకపకా నవ్వాడు. ఆ రోజు మొత్తం మీద ఆ కుటుంబంలో జరిగిన సాహసం అదొక్కటే. వదిన కెవ్వున అరిచింది: ‘ఒరేయ్, ఫోటోలు అవకముందే మట్టి చేసుకున్నావ్రా!’ వెంటనే రెండు చేతులకీ శానిటైజరు, టీ షర్టుకి తడి గుడ్డ.

ఇక శిఖరం. తూర్పున సూర్యుడు వస్తున్నాడు. కొండ మీద జనమంతా ఆయనకి వీపు పెట్టి నిలబడి ఉన్నారు. ఆయన ఫోటోలో వెనక రావాలి కదా మరి. ఆ ముహూర్తానికి సూర్యుణ్ణి ఎదురుగా చూసింది ఫోన్ పట్టుకున్న నాబోటి వాళ్ళమే. మా లీడర్ దర్శకత్వం మొదలైంది. ‘చిట్టీ, ఆశ్చర్యపడు. అలా కాదమ్మా, నోరు తెరు. అంత వద్దు. చెయ్యి చాపి మేఘాలు చూపించు. కెమెరా చూడకు! కెమెరా చూస్తే సహజంగా రాదు.’ పిల్ల నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. ఆవులింత వచ్చింది. ‘అదుగో, ఆ ఎక్స్‌ప్రెషన్ ఉంచు’ అన్నాడు.

ఇంతలో కింద ఉన్న మేఘం మెల్లగా పైకొచ్చి మమ్మల్నే కప్పేసింది. తెల్లగా, చల్లగా, ముఖం మీద సన్నటి తడి. పక్కనున్న మనిషి కనిపించడం లేదు. మా తోడల్లుడు మండిపడ్డాడు.

‘ఇదేంటోయ్, ఏమీ కనపట్టం లేదు!’

‘మేఘంలో ఉన్నాం అన్నయ్యా.’

‘మేఘంలో ఉండడానికా ఇంత దూరం వచ్చింది? మేఘాలు చూడ్డానికి వచ్చాం!’

దానికి నా దగ్గర జవాబు లేదు. మేఘం దగ్గరా ఉన్నట్టు లేదు, కాసేపటికి వెళ్ళిపోయింది.

దిగాక వలిసె పూలు. ఆ రోజుల్లో మన్యంలో పొలాలకి పొలాలు పసుపు రంగు పూసి ఉంటాయి. అవి నూనెగింజలు, ఒక కుటుంబం పెట్టుబడి. మన చురుకైన కుటుంబాలు మాత్రం అది ఫోటో స్టూడియో అనుకుంటాయి. తొక్కీ తొక్కీ చేను నాశనం చేస్తుంటే ఆ రైతు గట్టు మీద కూర్చుని మనిషికి ఇరవై రూపాయలు అడుగుతున్నాడు. మా లీడర్‌కి ప్రకృతి ప్రేమ పొంగింది. ‘పూలకి డబ్బులేంటయ్యా? ప్రకృతి అందరిదీ!’ ‘ప్రకృతి అందరిదే బాబూ, చేను నాది’ అన్నాడతను. బేరమాడి నలుగురికీ కలిపి నలభైకి ఒప్పించారు. తొక్కడం మాత్రం ఎనభైకి తొక్కారు.

కారెక్కాక మొదలైంది అసలు ధర్మాగ్రహం. ‘ఇంతమంది వస్తుంటే పైదాకా రోడ్డు వేయరా? పిల్లల్తో ఎలా ఎక్కుతాం? ఈ ప్రభుత్వాలకి బుద్ధి లేదు!’

రోడ్డు కావాలట. కొండ మీదికి, ఫోటోకి.

ఆ కొండల్లోనే రోడ్డు లేని ఊళ్ళున్నాయి. అక్కడ నెలలు నిండిన ఆడమనిషికి నొప్పులొస్తే ఒక కర్రకి దుప్పటి ఊయలలా కట్టి, అందులో పడుకోబెట్టి, ఇద్దరు మగాళ్ళు చెరో చివరా భుజాన వేసుకుని, వాగులు దాటి, అంబులెన్సు ఆగే చోటిదాకా మోసుకెళతారు. డోలీ. ఏటా పేపర్లో వస్తుంది. కొందరికి దారిలోనే కాన్పవుతుంది. కొందరు ఆసుపత్రి చేరరు. వార్త మూడో పేజీలో, వంజంగి మేఘాలు ఆదివారం అనుబంధంలో. ఆ జిల్లాకి 2022లో అల్లూరి సీతారామరాజు పేరు పెట్టుకుని దండలు వేసి మురిసిపోయాం. 1922లో మన్యం ఆయన వెంట ఎందుకు లేచింది? అడవిలో పోడు కొట్టుకోనివ్వనందుకు, గూడెంలో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలి ఎగ్గొట్టి వాళ్ళ చేత రోడ్లు వేయించినందుకు. వందేళ్ళు గడిచాయి. ఎవరి తాతముత్తాతలు ఎవరి బళ్ళ కోసమో వెట్టికి రాళ్ళు మోశారో, వాళ్ళే ఇవాళ రోడ్డు లేక కన్నబిడ్డల్ని, కట్టుకున్నవాళ్ళని మోస్తున్నారు. వాళ్ళకి లేనిది రోడ్డు అని మనకి తోచదు. మనకి మోకాళ్ళు నొప్పెడితే తోస్తుంది. పార్కింగ్ దొరక్కపోతే ప్రభుత్వాన్ని తిడతాం. సిగ్గు లేకపోతే సరి.

ఇదంతా కారులో అన్నాను. ‘నిజమే తమ్ముడూ, చాలా బాధాకరం’ అన్నాడు మా తోడల్లుడు. మాడుగులలో ఆగి హల్వా రెండు కిలోలు తీసుకున్నాడు. టీమ్ వెనక సీట్లో ఫోన్లు తెరిచింది. లీడర్ కూడా ఫోన్ తీసి, ఇల్లు చేరేలోగా వంజంగికి సమీక్ష రాసేశాడు. రెండు స్టార్లు. ‘మేఘాలు నిలకడగా లేవు. మ్యాగీలో ఉప్పు ఎక్కువ. లోకల్స్ ప్రతిదానికీ డబ్బులు అడుగుతున్నారు. వెంటనే పైదాకా రోడ్డు వేయాలి. కుటుంబంతో తప్పక చూడవలసిన ప్రదేశం.’

నిన్న చూశాను. సమీక్ష తమకి ఎంతో ఉపయోగపడిందని చాలామందే నొక్కారు.