మే నెల ఫొటోతో నవంబరు నీళ్లని కాదంటారా?

చెన్నై వేళచ్చేరిలో మా అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులోకి ఒకే మెసేజ్ ఈ వారం నాలుగోసారి వచ్చింది. ఈసారి పంపింది మా బావగారే, "నిజమే కదా?" అని ఒక తోక తగిలించి. అందులో ఉన్నదింతే: పళ్లికరణై చిత్తడి నేల చుట్టూ ఏ ముక్క కాపాడాలో మ్యాపులు చూసి తేల్చడం ఏసీ గదుల పని, శాటిలైట్ ఫొటోలో అక్కడున్నది ఎండిన బీడే, పక్షులు ఎలాగూ పులికాట్‌కి పోతాయి, చెత్త పోసిందే కార్పొరేషన్, నీతులు మాకా?

పక్షులు పోతాయి, సరే. నీళ్లు పోవు.

ఏసీ గదా? రాసినాయన ఎర్రటెండలో నిలబడి టైప్ చేశాడు కాబోలు.

అసలు గొడవ ఆ ఫొటోతోనే. జూమ్ చేశాను. పసుపు గడ్డి, నెర్రెలిచ్చిన నేల, మూలన తేదీ: మే నెల. మేలో ఏ చెరువు నిండుగా ఉంటుంది బావా? చెన్నైకి పెద్ద వానలు నవంబరులో కదా. మ్యాపులు చేసేవాళ్లు ఒక్క ఫొటో చూసి వదిలెయ్యరు. ఎత్తుపల్లాలు, పాత టోపో షీట్లు (సర్వే మ్యాపులు), మబ్బుల్లోంచి కూడా నీటిని పట్టే రాడార్ చిత్రాలు ఒకదాని మీద ఒకటి పరుస్తారు. దాదాపు 250 చదరపు కిలోమీటర్ల వాన ఇటే దిగి, ఒక్కియం మడువు మీదుగా బకింగ్‌హామ్ కాలువలో పడి, కోవళం దగ్గర సముద్రంలో కలవాలి. ఉన్న డబ్బుతో అన్నీ కాపాడలేం కాబట్టి, ఏ ముక్క పూడిస్తే ఎక్కువమంది మునుగుతారో దానికి ముందు మార్కులు. బీడులా కనబడిందని ఆ మార్కులు కొట్టేస్తే లేఅవుట్ వేసేవాడికి పండగే. 2015లో, మళ్లీ 2023 మిచాంగ్ తుపానుకి మన సెల్లార్‌లో బండ్లు తేలాయి. ఆ సెల్లార్‌ని కూడా మేలో ఫొటో తీసి పంపనా? ఎంచక్కా పొడిగా ఉంటుంది.

చెత్త మాట మాత్రం నిజం. పెరుంగుడి డంపు ఆ చిత్తడి మీదే లేచింది. ఒకప్పుడు వేల హెక్టార్లుండేది. 2022లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కేనాటికి మిగిలింది 1,247. ఇందులో ప్రభుత్వం చెయ్యి లేదని నేననను.

ఇంకోటీ ఒప్పుకుంటాను. శాటిలైట్ ఫొటోలో ఒక్కో చుక్క (పిక్సెల్) 10 మీటర్లుంటే, అందులో మూడు మీటర్ల పిల్లకాలువ ఆనదు, తూము సంగతి చెప్పనే అక్కర్లేదు. అవి తెలియాలంటే మ్యాపు పట్టుకుని వీధుల్లో తిరగాలి, పాతవాళ్లని అడగాలి. మన వాచ్‌మన్ తాతని అడిగాను. కాలువ ఎక్కడుండేదో కర్రతో గీసి మరీ చూపించాడు: పార్కింగ్‌లో, సరిగ్గా బావగారి కారు కింద.